ఒక ఊరు - రెండు భాషలు

హైదరాబాదు నగరమునకు ఆగ్నేయ దిశగా, నాగార్జునసాగరమునకు పోవు మార్గమున, రంగారెడ్డి జిల్లాలో ఇబ్రహీంపట్నము అను ఊరు గలదు. ఆ పేరును ఒక్కమారు మెల్లగా పలికి చూడుడు. 'ఇబ్రహీం' అరబ్బీ భాషనుండి వచ్చిన పేరు. 'పట్నము' తెలుగువారి నోట ఏనాటినుండియో నిలిచిన మాట. ఎక్కడెక్కడివో రెండు మాటలు కలిసి ఒక్క పేరైనవి. 1550 నుండి 1580 వరకు గోలకొండను పాలించిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరిట ఈ ఊరును, ఇచ్చటి పెద్దచెరువును వెలసినవని ప్రతీతి.

ఈ ప్రాంతపు అంగడి వీధులలో నేటికిని తెలుగు, ఉర్దూ రెండును వినబడును. బేరమాడువారు ఇరుగుపొరుగువారే. మరి వారి భాషలు చుట్టములా?

భాషల చుట్టరికమును తెలిసికొనుటకు అంకెలను, అవయవముల పేర్లను పరిశీలింపవలెను. మనము 'మూడు' అందుము. కన్నడిగులు 'మూరు' అందురు. తమిళులు 'మూన్ఱు' అందురు. మన 'కన్ను' కన్నడమున 'కణ్ణు', తమిళమున 'కణ్'. ఇవి ఒక తల్లి బిడ్డలని వినగనే తోచును. ఉర్దూలో మూడును 'తీన్' అనియు, కన్నును 'ఆంఖ్' అనియు అందురు. వీని మూలములు సంస్కృతమునందలి 'త్రి', 'అక్షి' శబ్దములతో కలియును. కనుక తెలుగు ద్రావిడ కుటుంబమునకును, ఉర్దూ ఆర్య కుటుంబమునకును చెందినవి. దక్షిణ దేశ భాషలు వేరొక కుటుంబమని 1816లో ఎల్లిస్ దొర చూపెను. 1856లో కాల్డ్వెల్ పండితుడు ఆ విషయమును విపులముగా నిరూపించెను.

వ్యాకరణమునను భేదము కలదు. ఎదుటివానిని కలుపుకొన్నచో 'మనము', కలుపుకొననిచో 'మేము' అందుము. ఉర్దూలో రెండింటికిని 'హమ్' అను ఒక్క మాటయే చాలును. తెలుగు బాలుడును, బాలికయు 'వెళ్ళుచున్నాను' అనియే చెప్పుదురు. ఉర్దూ బాలుడు 'జాతా హూఁ' అనును. బాలిక 'జాతీ హూఁ' అనును. ఆ భాషలో ఇల్లు పుంలింగము, పుస్తకము స్త్రీలింగము! తెలుగు ఎడమనుండి కుడికి వ్రాయబడును. ఉర్దూ కుడినుండి ఎడమకు.

అయితే లిపినిబట్టి చుట్టరికమును నిర్ణయింపరాదు. లిపి భాషకు వస్త్రము వంటిది. చైనా దేశమున వీగర్ అను భాష కలదు. దానిని అరబ్బీనుండి పుట్టిన లిపిలోనే వ్రాయుదురు. అయినను అది తురుష్క కుటుంబమునకు చెందినది. ఉర్దూకు బంధువు కాదు. ఆ దేశమునందే దక్షిణమున కాంటనీసు భాష కలదు. అందు ఒకే అక్షరమును వేర్వేరు స్వరములతో పలికినచో అర్థము మారిపోవును. వీగరులో అట్టిది లేదు; అది మన తెలుగువలె మాట వెనుక ప్రత్యయములను చేర్చుకొనుచు పోవును. ఒక్క దేశముననున్నంత మాత్రమున భాషలు ఒక్క కుటుంబమువి కానేరవు.

చుట్టరికము లేకున్నను పొరుగుదనము గొప్పది. పొలము దున్ను 'రైతు', వ్రాయు 'కాగితము', సరకులమ్ము 'దుకాణము', న్యాయస్థానమున వాదించు 'వకీలు' - ఈ మాటలన్నియు అరబ్బీ, పారసీకములనుండి మన యింటికి వచ్చినవే. ఇచ్చిపుచ్చుకొనుట ఒకవైపే జరుగలేదు. 'వచ్చెదనని చెప్పెను' అను వాక్యములోని 'అని' వంటి మాట ప్రామాణికమైన ఉర్దూలో లేదు. మన దక్కనీ ఉర్దూలో మాత్రము 'ఆతూఁ బోల్కే బోలా' అందురు. ఆ 'బోల్కే' మన 'అని' చేయు పనినే చేయుచున్నది. మాట ఉర్దూది, నడక తెలుగుది!

రాజ్యమేలు ముందు ఇబ్రహీం కుతుబ్‌షా ఏడు సంవత్సరములు విజయనగరమున తలదాచుకొని తెలుగు రుచి మరిగెను. అద్దంకి గంగాధరకవి 'తపతీసంవరణోపాఖ్యానము'ను అతనికే అంకితమిచ్చెను. కవులు అతనిని 'మల్కిభరాముడు' అని పిలిచిరి.

కాని అన్ని కాలములును అట్లు నడువలేదు. నిజాము పాలనలో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ బోధనాభాషగా ఏర్పడెను. ఒక దేశభాషలో ఉన్నత విద్య నేర్పుట గొప్ప కార్యమే. అయినను ఆ రాజ్యమున అధికసంఖ్యాకుల మాతృభాషయైన తెలుగునకు ఆ గౌరవము దక్కలేదు. 1921లో హైదరాబాదున ఒక సంఘసంస్కార సభ జరిగెను. ఇతర భాషల ప్రసంగములను ఓపికతో విన్న సభికులు, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున మాటాడగనే గేలిచేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టెను.

తప్పు ఉర్దూది కాదు; ఒక భాషను గద్దెనెక్కించి వేరొకదానిని వాకిట నిలిపినవారిది. ఈ సంగతిని చక్కగా గ్రహించినవాడు దాశరథి కృష్ణమాచార్య. నిజాము నిరంకుశత్వమును ఎదిరించి ఆయన కారాగారమున బంధింపబడెను. ఆ కవియే తరువాత ఉర్దూ మహాకవి గాలిబు కవితలను 'గాలిబ్ గీతాలు' అను పేర తెలుగువారికి అందించెను. పాలకుని ఎదిరించెను గాని, పాలకుని భాషను ద్వేషింపలేదు.

మీ తరగతిలో మీ ప్రక్కన కూర్చుండు విద్యార్థి ఇంటిలో వేరొక భాష మాటాడువాడు కావచ్చును. అతని భాషలో మూడును ఏమందురో, కన్నును ఏమందురో నేడే అడిగి తెలిసికొనుడు. మీ భాషలోని మాటలను అతనికి చెప్పుడు. ఇబ్రహీంపట్నము అను పేరులో రెండు మాటలు కలిసి బ్రదుకుచున్నవి. మనుష్యులు కలిసి బ్రదుకుట అంతకంటె కష్టము కాదు.

ప్రశ్నలు

1. తెలుగు, కన్నడము, తమిళము ఒకే కుటుంబమునకు చెందినవని ఎట్లు తెలియుచున్నది?
2. లిపి భాషకు వస్త్రము వంటిదని రచయిత ఏల చెప్పెను?
3. 'మాట ఉర్దూది, నడక తెలుగుది' - వివరింపుడు.
4. దాశరథి జీవితమునుండి మనము నేర్చుకొనవలసినదేమి?