స్టీరింగును లాగు ఇంజను

ముందుచక్రములకే ఇంజను బలము నందించు కారును తిన్నని బాటపై ఒక్కుమ్మడిగ పరుగెత్తించినచో, నడుపువాడు త్రిప్పకయే స్టీరింగు ఒక ప్రక్కకు లాగును. దీనినే టార్కు స్టీరు అందురు.

1964లో ఇటలీయందు వెలువడిన ఆటోబియాంకీ ప్రిములా అను కారులో ఇంజను నడ్డముగ నుంచి, గేరుపెట్టెను దాని కొనకు జేర్చిరి. తరువాతి చిన్నకార్లు పెక్కు ఈ మార్గమునే పట్టినవి. ఇందు ఒక చక్రమునకు బోవు ఇరుసు పొట్టిది, రెండవది పొడుగుది. వేగము పుంజుకొనునపుడు కారు ముందుభాగము పైకి లేచును. అప్పుడు పొట్టి ఇరుసు ఎక్కువగను, పొడుగుది తక్కువగను వాలును. వాలిన ఇరుసు కీలు తన చక్రమును ప్రక్కకు మరల్పజూచును. ఇరువైపుల వాలు సమమైనచో ఆ బలములు ఒకదానినొకటి అణచుకొనును; కానిచో మిగిలినది నడుపువాని చేతిని లాగును. బాటలోని గతుకులు దీనిని మరింత పెంచును. మారుతి 800 వంటి అల్పబలపు కార్లలో ఇది అంతగా దెలియదు.

విద్యార్థులారా, ఎదురుబండి వచ్చులోపల ముందుబండిని దాటబోవువాని స్థితి నూహింపుడు. లాగుడునకు విరుద్ధముగ స్టీరింగును బిగబట్టి, భయపడి ఆక్సిలరేటరు పెడలును చటుక్కున వదలినచో, లాగుడు మాయమగును. అతడు త్రిప్పిన త్రిప్పు మాత్రము నిలిచి, కారు రెండవ ప్రక్కకు మరలును! రెండు చేతులతో పట్టి, పెడలును మెల్లగా నదుముటయే క్షేమము.

ఇంజనీర్లు పొడుగు ఇరుసును రెండు ముక్కలు చేసి, లోపలి ముక్కను ఇంజనుకు బిగించి, వెలుపలి ఇరుసులను సమము చేయుచున్నారు.