రోడ్డు ప్రమాదంలో మనిషి పోతే కుటుంబానికి ఎవరెవరు ఎంత ఇవ్వాలి?

మన క్యాంపుల్లో ఎవరైనా రోడ్డు ప్రమాదంలో చనిపోతే, మొదటి కొన్ని రోజులు బాడీని ఊరికి పంపే హడావుడిలోనే గడిచిపోతాయి. బాక్సు ఇంటికి చేరాక, "కంపెనీ వాళ్లు ఏదో ఇచ్చారు, ఇక అంతే" అని ఇంటివాళ్లు ఊరుకుంటారు. నష్టం జరిగేది అక్కడే. యూఏఈలో ఇలాంటి మరణానికి డబ్బు ఒక్క చోటి నుంచే రాదు. ఒక్కో బాకీ ఒక్కొక్కరిది. విడివిడిగా అడగాలి.

ఉదాహరణకు, బేసిక్ జీతం 1,000 దిర్హాములు, 6 ఏళ్ల సర్వీసు ఉన్న కార్మికుడు క్యాంపు నుంచి సైటుకు వెళ్తుండగా వేరే బండి గుద్ది చనిపోయాడనుకుందాం.

1. కంపెనీ బాకీ

ఆగిన జీతం, వాడని సెలవుల డబ్బు, గ్రాట్యుటీ. మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. మన ఉదాహరణలో 105కు 30 కలిపితే 135 రోజులు, అంటే 4,500 దిర్హాములు. మరణించిన రోజు నుంచి గానీ, ఆ సంగతి కంపెనీకి తెలిసిన రోజు నుంచి గానీ 10 రోజుల్లో ఈ బకాయిలు కుటుంబానికి ఇవ్వాలి. కుటుంబం కోరితే బాడీని స్వదేశానికి పంపే ఖర్చు కూడా కంపెనీదే.

2. పని ప్రమాద పరిహారం

డ్యూటీలో జరిగిందే పని ప్రమాదం అనుకుంటాం. కానీ 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, దారి మళ్లకుండా పనికి వెళ్తూ, వస్తూ ఉండగా జరిగిన ప్రమాదం కూడా పని ప్రమాదమే. మరణానికి పరిహారం 24 నెలల బేసిక్. అది 18,000 దిర్హాములకు తగ్గకూడదు, 2 లక్షలు దాటకూడదు. మన ఉదాహరణలో 24,000 వస్తుంది. బేసిక్ 700 అయితే లెక్కకు 16,800 వస్తుంది, అయినా 18,000 ఇవ్వాల్సిందే. ఇంటిపని వారికి వేరే చట్టం ఉంది కాబట్టి ఈ లెక్క వారికి పట్టదు.

3. దియా, అంటే బ్లడ్ మనీ

ఇది కంపెనీ ఇచ్చేది కాదు. తప్పు చేసిన డ్రైవర్ బాధ్యత, సాధారణంగా ఆ బండి ఇన్సూరెన్సు కంపెనీ కడుతుంది. పూర్తి దియా 2 లక్షల దిర్హాములు. పోలీసు రిపోర్టు ప్రాసిక్యూషన్‌కు, అక్కడి నుంచి కోర్టుకు వెళ్తుంది. డ్రైవర్ తప్పు కోర్టులో తేలాలి. అందుకే కేసు నంబరు, తీర్పు కాపీ చాలా ముఖ్యం. రోడ్డు దాటకూడని చోట దాటుతుంటే గుద్దినట్లయితే తప్పులో కొంత భాగం చనిపోయిన వ్యక్తి మీద కూడా పడవచ్చు. తప్పు పూర్తిగా అతనిదే అయితే ఎదుటి బండి నుంచి దియా రాదు. అప్పుడు కూడా మొదటి బాకీ ఎక్కడికీ పోదు. రెండోది పని ప్రమాదమా కాదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

4. ఇండియా వైపు నుంచి

ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయలు. ఆ పాలసీ 2 లేక 3 ఏళ్లకే, గడువు తీరకముందే రెన్యువల్ చేసుకోవాలి. తెలంగాణ కార్మికుడు 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోతే రాష్ట్ర ప్రభుత్వం ఆ కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇస్తుంది. దరఖాస్తు జిల్లా కలెక్టర్‌కు పెట్టాలి.

సంతకం పెట్టే ముందు

దుఃఖంలో ఉన్న ఇల్లాలి ముందు అరబ్బీ కాగితం పెడితే ఆమె ఏం చదవగలదు? "అన్నీ ముట్టాయి, ఇక ఏ క్లెయిమూ లేదు" అని అందులో ఉండవచ్చు. ఏ డబ్బు ఎంత ముట్టిందో విడివిడిగా రాయించుకున్నాకే సంతకం పెట్టాలి. పవర్ ఆఫ్ అటార్నీ కూడా అంతే. ఏ కేసుకో, ఏ పనికో అందులో స్పష్టంగా ఉండాలి. డబ్బు వారసుల బ్యాంకు ఖాతాకే వెళ్లాలని రాయించండి. "సగం నాకిస్తే మొత్తం నేనే తెస్తా" అనే ఏజెంటుకు ఖాళీ కాగితం మీద సంతకం ఇవ్వకండి.

దగ్గర పెట్టుకోవాల్సిన కాగితాలు

• డెత్ సర్టిఫికెట్, ఇండియన్ కాన్సులేట్‌లో మరణ నమోదు పత్రం
• పోలీసు రిపోర్టు, కోర్టు తీర్పు కాపీలు
• లేబర్ కాంట్రాక్టు, చివరి జీతం స్లిప్పులు
• వారసుల ధ్రువపత్రం, పవర్ ఆఫ్ అటార్నీ. ఇవి ఇండియాలో అటెస్టేషన్ చేయించి, ఇక్కడి విదేశాంగ శాఖ ముద్ర వేయించి, లైసెన్సు ఉన్న అనువాదకుడితో అరబ్బీలోకి మార్పించాలి. ఎక్కువ ఆలస్యం ఇక్కడే అవుతుంది, కాబట్టి మొదటి వారంలోనే మొదలుపెట్టండి.

అనుమానం ఉంటే దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342కు ఫోన్ చేయండి, కాల్ ఉచితం.

చివరగా ఒక చిన్న పని. మీ కాంట్రాక్టు, బీమా పాలసీ ఫోటోలు తీసి ఈ రాత్రే ఇంటికి వాట్సాప్‌లో పంపండి. అవి ఎందుకో కూడా ఇంట్లో చెప్పండి. అవసరం రాకూడదనే కోరుకుందాం. వస్తే మాత్రం మీ వాళ్లు ఎవరి కాళ్లూ పట్టుకోకుండా తమ హక్కు అడగగలగాలి.