కాళ్లు చూసి కుటుంబం చెప్పడం

కోడుమూరు చుట్టూ నల్లరేగడి చేలల్లో ఎండాకాలం హార్వెస్ట్‌మన్ అనే సాలీడులాంటి జీవిని వెతకడం దండగ పని. ఒంట్లో నీరు నిలుపుకోవడం దానికి అంతగా చేతకాదు. వానలు పడ్డాక, రాత్రిపూట, టార్చిలైటు పట్టుకొని బయలుదేరాలి. హంద్రీ ఒడ్డున పాత బావుల రాతికట్టు, చెట్ల కింద కుళ్లిన ఆకులు చూసి రావచ్చు. దొరికే ఆశ ఎక్కువున్నది మాత్రం తూర్పున నల్లమలలో. అక్కడ రాయి తిప్పాలంటే ముందు అటవీశాఖ అనుమతి చేతిలో ఉండాలి. రాయి కింద తేలు ఉండొచ్చు కనుక వేళ్లు పెట్టకుండా కర్రతో లేపాలి, చూశాక మళ్లీ ఎలా ఉన్నదో అలాగే పెట్టాలి.

తొలిచూపుకు సాలీడే అనిపిస్తుంది. లెన్సు పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. దీనికి నడుం నొక్కు లేదు, ఒళ్లంతా ఒకటే ముద్ద. కళ్లు రెండే, అవి కూడా సాధారణంగా వీపు ముందు భాగంలో ఒక బుడిపె మీద. గూడు అల్లదు, విషమూ లేదు.

పట్టుకునేటప్పుడు కాలు పట్టి లాగకూడదు. ఆ కాలు మన చేతిలో వదిలేసి పోతుంది, మళ్లీ మొలవదు. రెండో జత కాళ్లు నడవడానికంటే తడిమి చూడడానికే ఎక్కువ. అవి పోతే గుర్తింపు సగం పోయినట్టే. అందుకే సీసా మూతి ఎదురుగా పెట్టి, మెత్తటి బ్రష్షుతో లోపలికి తోలాలి. బెదిరితే పక్కల గ్రంథుల నుంచి ఘాటు వాసన ద్రవం వదులుతుంది. చేయి కడుక్కుంటే సరి.

నిల్వకు 70–80 శాతం ఆల్కహాలు చాలు. డీఎన్ఏ కావాలంటే 95కు తగ్గకూడదు. ఊరు, తేదీ, ఎత్తు, ఏ రాయి కిందో ఏ ఆకుల్లోనో చీటీ మీద పెన్సిలుతో రాసి సీసా లోపలే వేయాలి. బాల్‌పెన్ను రాత స్పిరిట్‌లో కరిగిపోతుంది. చీటీ లేని పురుగుకు శాస్త్రంలో విలువ లేదంటాను.

ఇక మైక్రోస్కోపు కింద అసలు పని. ప్రపంచంలో తెలిసిన 6,500కు పైగా జాతుల్లో 4,000కు మించి లానియేటోరెస్ అనే ఉపక్రమానివే, ఎక్కువగా ఉష్ణమండలానివే. మన చేతిలోది ఆ ఉపక్రమానిదేనా అని తేల్చడానికి, వెనక రెండు జతల కాళ్ల చివర గోళ్లు జంటగా ఉన్నాయేమో మొదట చూడాలి. తర్వాత నోటి పక్కనుండే పాల్పులు. అవి బలంగా, ముళ్లతో ఉంటే ఒక దారి. సన్నగా, మూతి ముందు ఒకదాని మీదొకటి అడ్డంగా పడి, పైపెంకు ముందంచున పళ్లలాంటి ముళ్లుంటే అస్సామిడే కుటుంబం అనుకోవచ్చు. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఉన్న ఈ కుటుంబానికి సోరెన్‌సెన్ అనే పండితుడు 1884లో పేరు పెట్టాడు.

కుటుంబం దాటి ప్రజాతి దగ్గరికి వస్తే చిక్కు మొదలవుతుంది. జర్మన్ పండితుడు రోవర్ 1923లో తెచ్చిన మహాగ్రంథంలో పాదం కణుపుల లెక్క, ముళ్ల అమరికను పట్టుకొని ప్రజాతులను విడగొట్టాడు. 1929లో దక్షిణ భారత హార్వెస్ట్‌మెన్ గురించీ రాశాడు. కష్టం గొప్పదే. కానీ ఒకే జీవికి కుడికాలి కణుపులు ఎడమకాలివాటితో కలవని సందర్భాలున్నాయి. ఆ లెక్కతో కట్టిన ప్రజాతులు ఎన్నో తర్వాత కూలిపోయాయి. కణుపులు లెక్కపెట్టాల్సిందే, రెండువైపులా పెట్టాలి. తీర్పు మాత్రం వాటికి వదలకూడదు.

తీర్పు చెప్పేది మగదాని జననాంగం. సాలీళ్లలా కాక ఈ మగజీవికి నిజమైన పురుషాంగం ఉంటుంది. కడుపు కింది మూత తెరిచి, సన్నని సూదితో దాన్ని బయటికి తీసి, వేడి లాక్టిక్ ఆమ్లంలో ఉంచి, ఆపైన నీటిలో వేస్తే ముడుచుకున్న కొన విచ్చుకుంటుంది. దాని ఆకారం, ముళ్ల వరుస బొమ్మ గీసుకొని పాత వర్ణనలతో పోల్చాలి. పిల్లజీవి దొరికితే ఇక్కడితో ఆగిపోవడమే, కుటుంబం దాటి చెప్పలేం.

కొత్త జాతి అని తేలితే ఆధార నమూనాను ఇంట్లో దాచుకోవడానికి వీల్లేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి ఇవ్వాలి. మన జంతువుల విషయంలో అది 1916లో ఏర్పడిన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. దాని కేంద్రం ఒకటి హైదరాబాదులోనూ ఉంది.