స్లాబ్ ఆరదు, గట్టిపడుతుంది

"స్లాబ్ ఆరిందా?" అని మా కళ్యాణదుర్గంలో అందరూ అడుగుతారు. నిజానికి కాంక్రీట్ ఆరి గట్టిపడదు. సిమెంట్, నీళ్ళు కలిసి జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. దీన్నే హైడ్రేషన్ అంటారు. బట్ట ఆరాలంటే నీళ్ళు పోవాలి, స్లాబ్ గట్టిపడాలంటే నీళ్ళు ఉండాలి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే అనంతపురం జిల్లాలో ఈ తేడా తెలియడం చాలా అవసరం.

కలిపేటప్పుడు

సిటీల్లో రెడీమిక్స్ లారీ వస్తుంది. అందులో మాల్ సాధారణంగా రెండు గంటల్లోపు దించేయాలి. చిన్న ఊళ్ళలో అయితే ఇంటి ముందే మిక్సర్ పెట్టి కలుపుతారు. రెండు చోట్లా వినిపించే మాట ఒకటే: "గట్టిగా ఉంది, ఇంకో బకెట్ పోయ్!" నీళ్ళు-సిమెంట్ నిష్పత్తి 0.5 అనుకుంటే, 50 కిలోల మూటకి 25 లీటర్లు చాలు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. ఎక్కువైన నీళ్ళు తర్వాత ఆవిరై, లోపల సన్నటి రంధ్రాలు మిగులుతాయి. పని సులువవుతుంది, బలం తగ్గుతుంది.

పోసేటప్పుడు

మాల్‌ని 1.5 మీటర్ల కంటే ఎత్తు నుంచి పడేస్తే కంకర ఒకచోట, సిమెంట్ పాలు ఒకచోట చేరతాయి. వైబ్రేటర్ పెట్టేది లోపలి గాలి పోవడానికి, మాల్‌ని పక్కకి తోయడానికి కాదు. పైకి తేలిన నీళ్ళు పోయాకే తాపీతో నున్నగా చేయాలి. ఆ తడి మీద పొడి సిమెంట్ చల్లితే పై పొర తర్వాత పెచ్చులూడుతుంది.

పోశాక

అసలు కష్టం ఇక్కడే. ఎండ, వేడి ఎక్కువున్న చోట కనీసం 10 రోజులు క్యూరింగ్ చేయాలని ఐఎస్ 456 చెబుతుంది. వెయ్యి చదరపు అడుగుల స్లాబ్ మీద గట్లు కట్టి ఒక అంగుళం నీళ్ళు నిలిపితే, ఒక్కసారికే దాదాపు 2,360 లీటర్లు! ట్యాంకర్ కొనే ఇంట్లో మూడో రోజుకే ఆపేయాలనిపిస్తుంది. కానీ స్లాబ్‌కి అన్‌డూ బటన్ లేదు. నీళ్ళు తక్కువుంటే తడి గోనెసంచులు పరిచి, పైన ప్లాస్టిక్ షీట్ కప్పితే ఆవిరి తగ్గుతుంది. సంచులు ఆరకుండా చూసుకుంటే చాలు.

అంటే, కలిపేటప్పుడు పిసినారితనం, పోశాక ధారాళం. మన దగ్గర చాలాసార్లు దీనికి రివర్స్‌లో జరుగుతుంది. సెలవులకి ఊరెళ్ళినప్పుడు మీ వీధిలో స్లాబ్ వేస్తుంటే మేస్త్రీ అన్నని రెండే అడగండి: మూటకి ఎన్ని లీటర్లు పోస్తున్నారు? ఎన్ని రోజులు తడుపుతారు?