రెండు గంటల్లో కథ
(కథల పోటీకి వెళ్లే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు)

మన హాస్టలు వార్షికోత్సవ సంచికకు పిల్లలకు పనికొచ్చేది ఏదైనా రాయమని అడిగారు. పోటీ పరీక్షల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను కథల పోటీ గురించి రాస్తున్నాను. వక్తృత్వం, వ్యాసరచన, పాటలు అంటే మన పిల్లలు ముందుండి పేర్లు ఇస్తారు. కథ అనేసరికి "అది మనవల్ల కాదన్నా" అంటారు. ఎందుకు కాదో చూద్దాం.

కథల పోటీలు రెండు రకాలు. మొదటిది ఇంటి దగ్గర రాసి పంపేది. పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక జరిపిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందింది. ఆయన కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పిన అధ్యాపకులు. ఇలాంటి పోటీకి కావలసినంత సమయం, కూర్చోవడానికి చోటు, తిరగరాసుకునే ఓపిక ఉండాలి.

రెండోది అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి, అప్పటికప్పుడు అంశం ఇచ్చి రాయించేది. యువజనోత్సవాల్లో, కాలేజీ పోటీల్లో జరిగేది ఎక్కువగా ఇదే. ఇక్కడ అందరికీ ఒకే అంశం, ఒకే కాగితాలు, ఒకే గడియారం. ఇంటినిండా పుస్తకాలున్న పిల్లవాడు మనకంటే ఎక్కువ కథలు చదివి ఉండొచ్చు. కానీ ఆ రెండు గంటల్లో అతనికి ఎవరూ సాయం రారు. మనకు ఇంతకంటే సమానమైన మైదానం తక్కువగా దొరుకుతుంది. అందుకే దీన్ని వదులుకోవద్దంటున్నాను.

గడియారం పెట్టుకుని రాయడం మన భాషకు కొత్త కాదు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు అడుగుతుంటే అవధాని అక్కడికక్కడే పద్యం చెప్పాలి. అమెరికాలో 1999లో 21 మంది స్నేహితులు ఒక్క నెలలో నవల రాయాలని మొదలుపెట్టిన పని ప్రపంచమంతా పాకింది. నడిపిన సంస్థ 2025లో మూసివేస్తున్నామని ప్రకటించినా, గడువు పెట్టుకుని రాసే అలవాటు మిగిలింది. గడువు ఉంటే భయం ఉంటుంది నిజమే. కానీ రేపు రాద్దాంలే అనే బద్ధకం మాత్రం ఉండదు.

నా అనుభవం

డిగ్రీ రెండో సంవత్సరంలో నేను వెళ్లిన పోటీకి సమయం రెండు గంటలు. కాగితం మీద పేరు రాయకూడదు, నంబరు మాత్రమే వేయాలి. బోర్డు మీద 'తాళంచెవి' అని రాశారు. చుట్టూ అందరూ వెంటనే మొదలుపెట్టారు. నాకు ముందుగా తోచినవి బంగళా, బీరువా, బ్యాంకు లాకరు. ఇవన్నీ సినిమాల్లో చూసినవే. మా ఇంట్లో బీరువా లేదు. నాకు తెలిసిన తాళం ఒకటే, హాస్టల్లో నా ట్రంకుపెట్టెది.

దాని గురించి రాయాలా వద్దా అని కొంతసేపు ఆలోచించాను. హాస్టలు అని రాస్తే ఎవరి పిల్లాడో తెలిసిపోతుంది. పట్నం ఇల్లుగా మార్చొచ్చు. కానీ పట్నం ఇంట్లో ఉదయం ఎలా ఉంటుందో నాకు తెలియదు. హాస్టలు ఉదయం తెలుసు. కాబట్టి హాస్టలే రాశాను.

కథ ఇది. పెట్టెకు రెండు తాళంచెవులు. ఒకటి పిల్లవాడి మొలతాడుకు, రెండోది అమ్మ కొంగుముడిలో. ఒకరోజు పెట్టెలో దాచుకున్న కాస్మెటిక్ డబ్బులు కనపడవు. పక్కమంచం స్నేహితుణ్ణి అందరి ముందు దొంగా అంటాడు. సాయంత్రం కామాటి వచ్చి చెబుతుంది: మీ అమ్మ మిరపకోతల నుంచి వచ్చింది, మీ నాయనకు బాగాలేదట, నువ్వు బడిలో ఉంటే పెట్టె తీసి చూసుకుని పోయింది అని. ఆ రాత్రి మెస్‌లో పిల్లవాడు తన గుడ్డు స్నేహితుడి పళ్లెంలో పెడతాడు. ఏమీ మాట్లాడడు. కథ కల్పితం, పెట్టె మాత్రం నాది.

మూడో బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేతల్లో ఒకరు "కామాటి అంటే ఎవరు బాబూ?" అని అడిగారు. హాస్టల్లో ఊడ్చి, నీళ్లు పట్టి, వంటకు సాయపడే మనిషి అని చెప్పాను. ఆ మాట తెలియకపోయినా కథ ఆయనకు అర్థమైంది. మన మాటలు పెడితే కథ చెడిపోదని నాకు ఆ రోజు నమ్మకం కలిగింది. ఇంటికెళ్లి అమ్మకు చదివి వినిపించాను. అమ్మకు చదువు రాదు. అంతా విని, "గుడ్డు ఇచ్చినాడా? అంతే చెయ్యాల" అంది. నాకు బహుమతికంటే ఆ మాటే ఎక్కువ.

సమయం లెక్క

120 నిమిషాలను నేను ఇలా పంచుకుంటాను.

1. మొదటి 15 నిమిషాలు: కలం పట్టవద్దు. ముందు తోచిన రెండు ఆలోచనలు వదిలేయండి. అవి అందరికీ తోస్తాయి.
2. తర్వాత 15 నిమిషాలు: చిత్తుకాగితం మీద నాలుగు వాక్యాలు. ఎవరు? ఏం కావాలి? ఏది అడ్డం వచ్చింది? చివరికి ఏం మారింది? ముగింపు తెలియకుండా మొదలుపెట్టవద్దు.
3. 75 నిమిషాలు: రాయడం. ఎవరి వేగం వాళ్లు ముందే కొలుచుకోవాలి. నాది నిమిషానికి సుమారు పది మాటలు. అంటే 750 మాటలు, అయిదు పేజీలు. అందులో పెళ్లి, విడాకులు, అమెరికా పట్టవు.
4. చివరి 15 నిమిషాలు: చదువుకోవడం. పేర్లు మారిపోయాయా, వాక్యాలు పూర్తయ్యాయా చూడాలి. చివర్లో నీతి రాసి ఉంటే కొట్టేయండి. పళ్లెంలో గుడ్డు పెట్టాక "అనుమానం మంచిది కాదు" అని మళ్లీ చెప్పనక్కరలేదు.

అయిదు పేజీల్లో ఎంత పడుతుంది?

పెద్దవాళ్ల కథలు చూడండి. గురజాడ అప్పారావు గారి 'దిద్దుబాటు' 1910లో వచ్చింది. ఒక రాత్రి, ఒక ఇల్లు, భర్త, నౌకరు, భార్య పెట్టిన ఉత్తరం. అంతే. 'గాలివాన' ఇంకా పెద్ద కథ. అయినా అందులోని అసలు సంగతి ఒక తుఫాను రాత్రి, ఒక రైల్వే స్టేషన్లో, నియమాలు పెట్టుకుని బతికే పెద్దమనిషికీ ఒక బిచ్చగత్తెకూ మధ్య జరుగుతుంది. కాబట్టి ఒక రోజు, ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక వస్తువు, ఒక మార్పు చాలు.

మన జీవితం కథకు పనికిరాదనే మాట నమ్మకండి. 1922లో 'మాలపల్లి' నవల వెలువరించిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారిది పాత సత్తెనపల్లి తాలూకాలోని వేములూరుపాడు. దాన్ని ఆయన జైల్లో ఉండి రాశారు. గుంటూరు జిల్లా వేజండ్లలో పుట్టిన కొలకలూరి ఇనాక్ గారు 'ఊరబావి' వంటి కథల్లో దళితుల బతుకును చెప్పారు. 2014లో పద్మశ్రీ అందుకున్నారు. ఉన్నవ వారు మన గురించి రాశారు. ఇనాక్ గారు మనలో నుంచి రాశారు. తర్వాత రాయాల్సింది మీరే. మనం రాయకపోతే మన గురించి వేరేవాళ్లు రాస్తారు, అప్పుడు కామాటి ఎవరో వాళ్లకు తెలియదు.

చివరిగా ఒక పని చెబుతాను. ఆదివారం స్టడీ అవర్‌లో అయిదారుగురు కూర్చోండి. ఒకరు అంశం చెప్పాలి: బకెట్టు, టీసీ, చివరి బస్సు, పత్తి సంచి, రేషన్ కార్డు. గోడగడియారం చూసుకుని రెండు గంటలు రాయండి. తర్వాత ఒకరిది ఒకరు పైకి చదవండి. నవ్వకండి, ఎక్కడ అర్థం కాలేదో మాత్రం చెప్పండి. నెలకు రెండు ఆదివారాలు చేస్తే ఏడాదికి ఇరవైకి పైగా కథలవుతాయి. వాటిలో ఒకటైనా వచ్చే ఏడాది సంచికలో చదవాలని కోరుకుంటూ,

మీ అన్న,
పూర్వ విద్యార్థి