ఫైబర్ తీగె: చెప్పిన వేగమెంత, చేతికందు వేగమెంత

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములలో మిషన్ భగీరథ నీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే ఫైబర్ తీగెలకు వేరొక సన్నని గొట్టమును కూడ పరచిరి. ఫ్లోరైడ్ నీటితో నడుములు వంగిన గ్రామములకు కృష్ణా నీరు వచ్చిన దారినే ఇంటర్నెట్టును వచ్చుచున్నది. కేంద్ర ప్రభుత్వము 2011 అక్టోబరులో ఆమోదించి, తరువాత భారత్‌నెట్ అని పేరు మార్చిన పథకము, ప్రతి గ్రామ పంచాయతీకి సెకనుకు 100 మెగాబిట్ల వేగమును లక్ష్యముగా పెట్టుకొన్నది. రాష్ట్రమున టి-ఫైబర్ సంస్థ 2024 డిసెంబరులో ప్రయోగాత్మకముగా సేవలు ప్రారంభించిన గ్రామములలో పాత మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన మద్దూరు ఒకటి. అచ్చట ఇంటికి 20 మెగాబిట్ల వేగము ననుసరించి ఏర్పాటు జరిగినది.

తీగె వచ్చిన కొలది దినములకే సభ్యులు అడుగు ప్రశ్న ఒకటి కలదు. “100 అన్నారు, మా కార్యాలయములో 18 చూపుచున్నది. తక్కినది ఏమైనది?” ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి సమాధానము తెలియనిచో పంచాయతీ సొమ్ము వ్యర్థమగును. ఇరువది రూపాయల తీగె ముక్కతో తీరు లోపమునకు పెద్ద ప్లాను కొనుటయు, నిజముగా పై లైనులోనే కొరత యున్నచోట మన కంప్యూటరును నిందించుకొని ఊరకుండుటయు జరుగును. ఈ లోపల ఈ-గ్రామ్ స్వరాజ్‌లో పనుల బిల్లులు ఎక్కక, చేసినవారికి డబ్బు అందక ఆలస్యమగును.

మొదట కొలమానమును గూర్చి చెప్పెదము. వేగమును చెప్పునది మెగాబిట్లలో. దస్త్రముల పరిమాణము చెప్పునది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున 100 మెగాబిట్ల లైను సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లను మాత్రమే తెచ్చును. 40 మెగాబైట్ల పటము 20 మెగాబిట్ల లైనుపై దిగుటకు రెండు సెకనులు కాదు, పదునారు సెకనులు పట్టును. ఇందులో మోసమేమియు లేదు. సేరుకును కిలోకును గల భేదము వంటిదే ఇది.

రెండవది, సమాచారము చిన్న చిన్న పొట్లములుగా ప్రయాణించును. ప్రతి పొట్లముపై చిరునామా మొదలగునవి వ్రాయవలెను గనుక కొంత స్థలము వానికే పోవును. 100 మెగాబిట్ల లైనుపై సక్రమముగా కొలిచినపుడు 94 లేక 95 కనబడినచో అది పూర్తి వేగమే.

ఇక లైను వచ్చు దారిని చూతము. మండల కేంద్రమునందలి యంత్రము నుండి వెండ్రుక వంటి గాజు పోగు ఒకటి బయలుదేరును. దారిలో విభాజకమను చిన్న పరికరము, విద్యుత్తు అక్కరలేకయే, వెలుగును పదునారు లేక ముప్పదిరెండు పాయలుగా చీల్చును. ఈ పద్ధతిని జీపాన్ అందురు. ఒక్క పోగుపై మన వైపు దిగు దిశలో సెకనుకు సుమారు 2,500 మెగాబిట్లు, మన నుండి ఎగబోవు దిశలో సుమారు 1,250 మెగాబిట్లు ప్రయాణించును. ముప్పదిరెండు చోట్ల అందరును ఒకే క్షణమున పూర్తిగా వాడినచో తలకొక 78 మెగాబిట్లు వచ్చును. అట్లు వాడుట అరుదు. కావున ఈ భాగములో సామాన్యముగా కొరత యుండదు.

కొరత వచ్చుచోటు తరచుగా దానికి పైన నుండును. ఒక గ్రామమున 300 ఇండ్లకు 20 మెగాబిట్ల చొప్పున ఇచ్చి, అందరికిని కలిపి పైకి పోవు లైను 1,000 మెగాబిట్లే యున్నదనుకొందము. లెక్కప్రకారము 6,000 కావలెను. కాని పగటివేళ పది యిండ్లవారు వాడినచో ఒక్కొక్కరికి 20 నిండుగా వచ్చును. రాత్రి ఎనిమిదిన్నరకు అరువది యిండ్లలో ఒకేసారి సినిమాలు తెరచినచో తలకు 16 చొప్పున వచ్చును. నూటయేబది యిండ్లయినచో ఏడు కూడ రావు. ఇట్లు పంచి యిచ్చుట ఎల్లచోట్ల ఉన్న పద్ధతియే. లేనిచో ఇంటి ఖర్చు పదింతలగును. అయితే ఎంతమందికి ఎంత లైను పెట్టినారో అడిగి తెలిసికొను హక్కు పంచాయతీకి ఉండవలెనని మా అభిప్రాయము.

సభ్యులకు ఇచ్చట నాగార్జునసాగర్ ఎడమ కాలువ తలపునకు రావచ్చును. అందరును తూములెత్తినపుడు చివరి భూములకు నీరందని బాధ నల్లగొండ రైతునకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఈ పోలిక సగమువరకే నడచును. కాలువలో దూరమున నున్నవాడు ముందుగా నష్టపోవును. ఫైబర్‌లో అట్లు కాదు. వెలుగు పది కిలోమీటర్లు పోయినను సుమారు సగము మిగులును. యంత్రము గుర్తుపట్టుటకు అది చాలును. చాలినంతకాలము దగ్గర ఊరికిని దూరపు ఊరికిని వేగమొక్కటే. చాలనిచో పొట్లములు చెడిపోవును, లేదా లైను పూర్తిగా ఆగి పెట్టెపై ఎర్ర దీపము వెలుగును. పాత టెలిఫోను రాగి తీగెపై మాత్రము దూరము పెరిగినకొలది వేగము తగ్గెడిది. ఆ అనుభవముతోనే “మాది చివరి ఊరు, అందుకే నెమ్మది” అని కొందరు సరిపెట్టుకొనుచున్నారు. ఫైబర్ విషయమున ఆ మాటను అంగీకరింపవలదు.

అన్నిటికంటె ఎక్కువ వేగము పోవునది కార్యాలయము లోపలనే. ఈ ప్రాంతమున మూరెడు మందపు రాతి గోడలు, మట్టి గోడలు నేటికిని కలవు. వైఫైకి రెండు బాటలుండును. 2.4 గిగాహెర్ట్జు బాట గోడలను కొంతమేర దాటును గాని వేగము తక్కువ. 5 గిగాహెర్ట్జు బాట వేగవంతమైనను మందపు గోడ యెదుట నిలిచిపోవును. పెట్టెను ఇనుప బీరువాలో నుంచి తాళము వేయువారును కలరు. దొంగల భయము మంచిదే గాని, ఇనుము వైఫైని కూడ లోపలనే బంధించును. వైఫైపై 18 చూపిన చోట తీగె కలిపినంతనే 90 దాటుట వింత కాదు.

వేగమంతయు నిండుగా నున్నను ఒక్క పుట మాత్రము తెరుచుకొనక తిరుగుచుండును. నెలాఖరున అందరును ఒకే ప్రభుత్వ సర్వరుపై పడినపుడు ఇట్లగును. మన కాలువ నిండుగా నుండి అవతలి బావి తోడుడు పడనట్లు. వేరొక పుట వెంటనే తెరుచుకొన్నచో మన లైనులో దోషము లేదని గ్రహింపవచ్చును.

కనుక కొలత సరిగా తీయవలెను. కంప్యూటరును తీగెతో పెట్టెకు కలిపి, వైఫైని ఆపి, ఇతర ఫోనులన్నిటిని తొలగించి, ఉదయము ఆరింటికి, పగలు పదకొండింటికి, రాత్రి తొమ్మిదింటికి వరుసగా ఏడు దినములు పరీక్షింపవలెను. తేది, వేళ, డౌన్‌లోడు, అప్‌లోడు, జవాబు వచ్చుటకు పట్టిన మిల్లిసెకనులు ఒక పుస్తకములో వ్రాయవలెను. ఉదయము 94, రాత్రి 20 వచ్చినచో పై లైను ఇరుకని అర్థము. అన్ని వేళల 94 వచ్చి వైఫైపై మాత్రమే తగ్గినచో పెట్టె స్థలము మార్చిన చాలును. అన్ని వేళల తక్కువయే వచ్చినచో పోగు అతుకులోనో పెట్టెలోనో దోషము. మరమ్మతువారిని పిలిచి వెలుగు బలమును కొలిపింపవలెను.

ఒప్పందపు కాగితములో “100 మెగాబిట్ల వరకు” అని యుండును. ఆ “వరకు” అను మాట పై హద్దునే చెప్పును; క్రింది హద్దును చెప్పదు. 2023 జనవరిలో కేంద్రము బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకొనుటకు కనీస వేగమును 512 కిలోబిట్ల నుండి 2 మెగాబిట్లకు పెంచినది. అనగా 100 చెప్పి మూడిచ్చినను దాని పేరు బ్రాడ్‌బ్యాండే. రాత్రివేళ కనీసము ఎంత యిత్తురో, తెగిన లైనును ఎన్ని గంటలలో కలుపుదురో సంఖ్యలలో వ్రాయింపుడు.

దేవరకొండ, అచ్చంపేట వైపు తండాలవారికి మరియొక చిక్కు కలదు. 2018లో రాష్ట్రమున వెయ్యికి పైగా తండాలు, గూడెములు స్వతంత్ర పంచాయతీలైనవి. అంతకు ముందు తీగె వచ్చినచోట పెట్టె పాత పంచాయతీ భవనముననే యుండును. అచ్చటినుండి వైఫైతో తండాకు లాగుట పని చేయదు, పోగునే పొడిగింపవలెను. 2023 ఆగస్టులో ఆమోదము పొందిన సవరించిన భారత్‌నెట్‌లో పంచాయతీలను వలయముగా కలుపుటకును, కోరిన ఇతర గ్రామములకు లైను ఇచ్చుటకును ఏర్పాటున్నది. వలయమున ఒకచోట గొట్టము మరమ్మతుకై జేసీబీ తీగెను తెంచినను రెండవ వైపునుండి వెలుగు వచ్చును. తమ గ్రామము వలయములో నున్నదో, ఒంటి తీగె చివర నున్నదో మండల కార్యాలయమున అడిగి, తీర్మానము వ్రాయునపుడు ఏడు దినముల కొలతల పుస్తకపు నకలును దానికి జతపరుపవలెను.