జామగుజ్జు నింపిన బిస్కత్తులు, బత్తాయి పూత

జామతోట గల రైతునకు శీతకాలములో ఒక చిక్కు తప్పదు. దోరగా కోసిన కాయ బజారునకు పోవును. కోత ఒకటి రెండు దినములు ఆలస్యమయినచో పండు మెత్తబడును. మెత్తబడిన పండును కొనువాడు తట్టలో ప్రక్కకు నెట్టివేయును, లేక సగము ధర చెప్పును. పండిన జామ మామూలు గదిలో మూడు నాలుగు దినములకు మించి నిలువదు. కనుక ఆ ప్రక్కకు నెట్టిన పండు ఇంటికి తిరిగివచ్చి, పిల్లలు తిన్నంత తినగా, మిగిలినది పశువుల పాలగును.

ఇట్టి పండ్లతో ఇంటిలోనే చేసుకొనదగిన తినుబండారము ఒకటి ఈ వ్యాసములో తెలుపుచున్నాను. లోపల జామగుజ్జు పూర్ణము, పైన బత్తాయి రసపు పూత గల బిస్కత్తులివి. కజ్జికాయలు, బొబ్బట్లు చేయు చేతులకు ఇందులో కొత్తగా నేర్వవలసినది కొంచెమే. కాని ఆ కొంచెములో పొరపాటు జరిగినచో చేసినదంతయు పారవేయవలసివచ్చును.

ఈ సంగతి నాకు అనుభవమున తెలిసినది. నేను ఒక గ్రామములో మహిళా సంఘము వారికి మొదటిసారి ఈ బిస్కత్తులు చేసి చూపినప్పుడు, ప్రొద్దు పోవుచున్నదని తొందరపడి, గుజ్జు కొంచెము పలుచగా ఉండగనే పొయ్యి మీదనుండి దింపితిని. ఆనాడు అందరును తిని బాగున్నవనిరి. మిగిలినవి డబ్బాలో పెట్టి వచ్చితిని. అయిదవనాడు మరల ఆ ఊరు పోగా, ఒక పెద్దమ్మ ఆ డబ్బా తెచ్చి నాముందు మూత తీసి, "అయ్యా, మీ బిస్కత్తులకు గడ్డము మొలిచినదండీ" అన్నది. విరిచి చూచితిని. పూర్ణము చుట్టును బూడిదరంగు బూజు. పిండిలో తప్పు లేదు, కాల్పులో తప్పు లేదు. తప్పంతయు గుజ్జులో మిగిలిన నీటిది.

బూజు పెరుగుటకు నీరు కావలెను. పంచదార తగినంత చేరి, నీరు తగినంత ఇగిరినప్పుడు, మిగిలిన నీటిని పంచదార పట్టి ఉంచుకొనును. బూజునకు అది అందదు. జాములో పంచదార మొదలగు ఘనపదార్థము నూటికి 68 పాళ్ళు ఉండవలెనని చెప్పుదురు. పూర్ణమునకు ఇంకను గట్టిగా, నూటికి 73 లేక 75 పాళ్ళు ఉండుట మేలు. ఏలయనగా పలుచని గుజ్జులోని చెమ్మ చుట్టునున్న పిండిలోనికి దిగి, బిస్కత్తు కరకర పోయి మెత్తబడును. ఇంటిలో ఈ పాళ్ళు కొలుచు సాధనము ఉండదు. వంటింటి త్రాసు ఉన్నచో చాలును. ఎట్లో ముందు చెప్పెదను.

పండ్లను ఏరుటలో దాక్షిణ్యము పనికిరాదు. మెత్తబడినది, ఒత్తుకొని కమిలినది పనికివచ్చును. కమిలిన చోటు కోసి తీసివేసిన చాలును. బూజు పట్టినది, పులిసిన వాసన గలది, పగిలి నేలపడి ఉన్నది పనికిరాదు. బూజు పట్టిన పండులో చెడినభాగము తీసి మిగతాది వాడుట ఆరోగ్యమునకు మంచిది కాదు. వానకాలపు కాపులో పండు ఈగ పురుగు ఎక్కువగా ఉండును. ఆ పండ్లు పైకి బాగుగా కనబడినను కోసి చూడక వాడరాదు. రుచికి గూడ శీతకాలపు పండే మిన్న. అలహాబాదు సఫేదా, లక్నో-49 రకముల గుజ్జు తెల్లగా ఉండును. పెరటిలోని ఎఱ్ఱజామ అయినచో పూర్ణమునకు చక్కని రంగు వచ్చును.

అరకిలో పండ్లను కడిగి ముక్కలుగా కోసి, ముక్కలు మునుగునంత నీరు మాత్రమే పోసి, మెత్తబడువరకు ఉడికించవలెను. చల్లారిన పిదప స్టీలు జల్లెడలో వేసి గరిటెతో రుద్దినచో గింజలు పైన నిలిచి గుజ్జు క్రిందికి దిగును. ఇనుప జల్లెడ వాడినచో గుజ్జు నల్లబడును. ఈ గుజ్జులో 250 గ్రాములు తూచి తీసికొని, దానికి 200 గ్రాముల పంచదార, ఒక చెంచాడు నిమ్మరసము చేర్చవలెను. జామలో గుజ్జును గడ్డకట్టించు పెక్టిను అను పదార్థము సహజముగనే మెండు; నిమ్మపులుపు తోడయినచో అది చక్కగా పట్టును.

ఇక త్రాసు సంగతి. అడుగు మందముగా ఉన్న గిన్నెను ముందుగా ఖాళీగా తూచి ఆ బరువు ఒక కాగితముపై వ్రాసికొనవలెను. గుజ్జు, పంచదార కలిసి అందులో 450 గ్రాములు. దీనిని కలుపుచు ఉడికించగా 300 గ్రాములకు రావలెను. అనగా మూడవవంతు బరువు ఆవిరిగా పోవలెను. గుజ్జు గరిటెకు అంటుకొని గిన్నె అంచులు వదలుచున్నప్పుడు దింపి, త్రాసుపై మడిచిన గోనెగుడ్డ పరచి తూచవలెను. గోనెగుడ్డ బరువును, ఖాళీ గిన్నె బరువును తీసివేయగా 300 కంటె ఎక్కువ ఉన్నచో మరల పొయ్యి ఎక్కించవలసినదే. చేయి తిరిగినవారు చూపుతోనే చెప్పగలరు. నాకు ఆ నేర్పు లేదు కనుక తూచియే నమ్మెదను. చిక్కబడు సమయమున గుజ్జు కుతకుతలాడుచు చిమ్మును. ఆ చుక్క పడినచోట వేడినీటికంటె లోతుగా కాలును. పొడవు కాడ గరిటె వాడి, పిల్లలను దూరముగా ఉంచవలెను.

పిండికి: మైదా 250 గ్రాములు, మెత్తగా దంచి జల్లించిన పంచదార 80 గ్రాములు, పేరిన నెయ్యి 100 గ్రాములు, బేకింగ్ పౌడరు అర చెంచా, చిటికెడు ఉప్పు. నెయ్యిని కరిగించి పోయరాదు. పేరిన నేతిని పంచదారతో తెల్లబడువరకు చేతితో నలిపి, పిండి చేర్చి, రెండు మూడు పెద్ద చెంచాల పాలు చిలకరించి ముద్దకు తేవలెను. చపాతీ పిండివలె మర్దించినచో బిస్కత్తు గుల్లగా రాక సాగుడుగా, గట్టిగా వచ్చును. ఇది మన ఆడవారికి మొదట మింగుడుపడని మాట. పిండిని ఎంత పిసికిన అంత మంచిదను అలవాటు మనది. మైదాలో నాలుగవవంతు తీసి రాగిపిండి వేయవచ్చును. అంతకు మించినచో అంచులు విరుగును.

ముద్దను 24 ఉండలు చేసి, ఒక్కొక్కదానిని అరచేతిలో బిళ్ళగా ఒత్తి, నడుమ రేగుపండంత పూర్ణము పెట్టి, బొబ్బట్టునకు వలె అంచులు మూసి, కొద్దిగా అదుమవలెను. పైన పుల్లతో ఒక బెజ్జము చేయుట మరువరాదు. లేనిచో ఆవిరి దారిలేక పిండిని చీల్చుకొని పూర్ణము బయటికి వచ్చును.

కరెంటు ఓవెను ఉన్నవారు 180 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 18 నిమిషములు కాల్చవలెను. లేనివారికి మరమరాలు వేయించువారి ఇసుకయే దిక్కు. పాత ఇనుప మూకుడులో కడిగి ఎండబెట్టిన ఇసుక అంగుళము మందమున పోసి, దానిపై చిన్న కుదురు పెట్టి, గట్టిమూత వేసి, మధ్యరకపు మంటపై పదిహేను నిమిషములు కాచవలెను. తరువాత నెయ్యి రాచిన పళ్ళెములో బిస్కత్తులు ఎడముగా పేర్చి కుదురుపై ఉంచి, మంట తగ్గించి, 20 నుండి 25 నిమిషములు మూత తీయక ఉంచవలెను. ఈ పద్ధతిలో పైభాగము ఎఱ్ఱబడదు. పైన తెల్లగా ఉన్నదని ఇంకను కాల్చినచో అడుగు మాడును. ఒకటి ఎత్తి అడుగు చూడుడు. లేత ఎరుపు వచ్చినచో చాలును. దింపునప్పుడు మెత్తగా ఉండుట సహజము, చల్లారిన గట్టిపడును.

పూతకు బత్తాయి వాడుదురు. అనంతపురము వైపు వారు చీనీ అందురు. ముందుగా కాయను బాగుగా రుద్ది కడిగి, తొక్కపై పలుచని రంగుపొరను మాత్రము సన్న తురుముగా తీయవలెను. ఆ క్రింది తెల్లపొర చేదు. మందు చల్లిన తోటలోని కాయ అయినచో, ఆ మందునకు చెప్పిన గడువు తీరిన పిదప కోసినదే వాడవలెను. రసమును అప్పటికప్పుడే పిండవలెను. పిండి గంటల తరబడి ఉంచిన రసము చేదెక్కును. నూరు గ్రాముల పంచదార పొడిలో మూడు చెంచాల బత్తాయి రసము, అర చెంచా నిమ్మరసము, తురుము వేసి కలుపవలెను. గరిటెనుండి తీగవలె జారవలెను. పలుచనయినచో మరికొంత పొడి చేర్చవచ్చును. ఒట్టి బత్తాయితో పూత తియ్యగా, చప్పగా ఉండును కనుక నిమ్మ మానరాదని నా అభిప్రాయము. బిస్కత్తు పూర్తిగా చల్లారకముందు పూసినచో పూత కరిగి పళ్ళెములో చేరును.

ముసురు పట్టిన దినములలో ఈ పూత ఆరదు, జిగటగనే ఉండును. అందువలన బిస్కత్తులను పూత లేకుండ మూత బిగువైన డబ్బాలో దాచి, కావలసిననాడు కావలసినన్నిటికే పూయుట మంచిది. నేను వారములోపల తినివేయుమనియే చెప్పుదును. ఇది బలమయిన ఆహారమని నేను చెప్పను. పచ్చిజామలోని సి విటమిను ఉడుకుటలో చాలభాగము పోవును. మైదా, పంచదార, నెయ్యి సంగతి అందరికి తెలిసినదే. మధుమేహము గలవారు దీని జోలికి పోరాదు. పిల్లలకు పచ్చిపండు పెట్టగలిగినంతకాలము పచ్చిపండే పెట్టవలెను.

అమ్మదలచినవారు ఒక విషయము గమనింపవలెను. 1955 నాటి ఫలోత్పత్తుల ఉత్తర్వు ఇప్పుడు అమలులో లేదు. దాని స్థానమున 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టము ఉన్నది. ఇంటిలో చేసి అమ్ము చిన్నవారు సహితము దానిక్రింద నమోదు చేయించుకొనవలెను. పొట్లముపై చేసిన తేదీ వేయవలెను. గ్రామములలో ఈ పని చూపించు అధికారులు త్రాసును వెంట తీసికొనిపోవుదురు గాక. ఆ పెద్దమ్మ సంఘము వారు ఇప్పుడు తమ గిన్నె ఖాళీ బరువును దాని అడుగునే గీతలు గీసి చెక్కించుకొన్నారు.